పాత చేతక్ కొనేముందు ఇంజను కాదు, అడుగు చూడండి

ఈ సమీక్ష బజాజ్ చేతక్ 150 సీసీ టూ-స్ట్రోక్ స్కూటరు గురించి. 1972లో వచ్చి, 2000 దశకంలో ఆగిపోయిన పాత చేతక్ ఇది. ఆఖరి రోజుల్లో వచ్చిన ఫోర్-స్ట్రోక్ చేతక్, 2020 జనవరి నుంచి అమ్ముతున్న కరెంటు చేతక్ వేరే బళ్ళు. పేరు ఒకటే గానీ లోపలి సరుకు వేరు.

ముందే తేల్చి చెప్పేస్తే మంచిది. రోజూ ముప్పై కిలోమీటర్లు ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్ళి రావడానికి, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బండిగా దీన్ని కొనొద్దు. ఇంకో బండి ఉండి, ఆదివారం పొద్దున ఊరు చుట్టి రావడానికి, రైతుబజారుకు, అప్పుడప్పుడూ పక్క ఊరికి వెళ్ళడానికైతే దీనికి సాటి వచ్చే పాత బండి మన దగ్గర లేదు. నాలుగు పానాలు, ఒక ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవరు చేతబట్టుకున్న మనిషి తొంభై శాతం పనులు వాకిట్లోనే చేసుకోగలడు. విడిభాగాలు ఇంకా తయారవుతున్నాయి. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే క్లచ్ ప్లేట్ల నుంచి ఫుట్‌మ్యాట్ దాకా కొత్తవి చేతికొస్తాయి. పాత బళ్ళలో ఈ సౌకర్యం ఉన్నవి చాలా తక్కువ. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ కూడా ఒకప్పుడు పుష్పక్ అని స్కూటరు తెచ్చింది, అది లాంబ్రెట్టా వంశం. అభిమానం కొద్దీ దాన్ని కొన్నవాళ్ళు రోడ్డు మీద నడిపిన రోజులకన్నా సామాను కోసం తిరిగిన రోజులే ఎక్కువ ఉంటాయి.

చేతక్ పుట్టుక కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి, ఎందుకంటే రిపేరు అంతా దాని మీదే ఆధారపడి ఉంది. బజాజ్ వాళ్ళు ఇటలీ పియాజియో కంపెనీ లైసెన్సు మీద వెస్పాలు చేసేవాళ్ళు. ఆ ఒప్పందం 1971లో ముగిసింది. మరుసటేడు వెస్పా స్ప్రింట్ పోలికతోనే రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్‌ను దించారు. 57 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 57 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 145.45 సీసీ. ఎడమ చేతి మణికట్టుతో తిప్పే నాలుగు గేర్లు. ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె అన్నీ ఒకే గుండుగా కుడిపక్కన ఉండి నేరుగా వెనక చక్రాన్ని తిప్పుతాయి. చెయిను లేదు, బెల్టు లేదు. కాబట్టి అవి తెగే బాధా లేదు.

ఇక అసలు సంగతి. చేతక్‌కు విడిగా ఛాసిస్ అంటూ లేదు. వంచిన ఉక్కు రేకులే ఒకదానికొకటి వెల్డింగై బండికి ఎముకల గూడు అవుతాయి. కాళ్ళు పెట్టుకునే పలక, ముందుండే షీల్డు, సీటు కింద డొల్ల, అంతా ఒకటే శరీరం. ఇంజను ఎంత చెడినా బోరింగ్ చేయించి, పిస్టన్ కిట్టు వేసి, సీళ్ళు మార్చి మళ్ళీ కొత్తదాన్ని చేయొచ్చు. అడుగు రేకు పుచ్చితే మాత్రం బండి నడుము పోయినట్టే. కొనడానికి వెళ్ళిన వాళ్ళలో చాలామంది కిక్కు కొట్టి, శబ్దం విని, సంబరపడి బయానా ఇచ్చేస్తారు. ఆ వరస తిరగేయాలి.

వెళ్ళగానే రబ్బరు మ్యాట్ ఎత్తించండి. నీళ్ళు నిలిచేది దాని కిందే. అల్యూమినియం బీడింగ్ స్క్రూలు దిగిన చోట, బ్రేకు పెడల్ బయటికొచ్చే కంత చుట్టూ, పలక మధ్యలో ఎత్తుగా ఉన్న భాగం కిందికి దిగే మూలలో తుప్పు మొదలవుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కండి. రేకు లోపలికి వంగి మళ్ళీ లేచిందంటే పలచబడిపోయిందని అర్థం. స్క్రూడ్రైవరు పిడితో తట్టితే మంచి రేకు కంచులా మోగుతుంది, పుట్టీ పూసింది మట్టికుండ తడిసినట్టు మొద్దుగా పలుకుతుంది. జేబులో ఒక చిన్న అయస్కాంతం, దాని మీద చుట్టడానికి పలచని గుడ్డ ముక్క పెట్టుకుని వెళ్ళండి. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని షీల్డు మీద, వెనక డొల్ల మీద, పలక మీద మెల్లగా జరుపుతూ పోండి. పట్టు వదిలేసిన చోటల్లా రేకు కాదు, పుట్టీ. కొత్త పెయింటు మెరుస్తున్న బండికి ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. మెరిసే పెయింటు కింద ఏముందో పెయింటర్‌కు తప్ప కొనేవాడికి తెలియదు.

తర్వాత బండిని గోనెసంచి మీద ఎడమపక్కకు పడుకోబెట్టమనండి, అంతకుముందు పెట్రోలు కాక్ కట్టేయాలి. అడుగున అడ్డంగా, నిలువుగా వేసిన బలం పట్టీలు, పెద్ద స్టాండు బిగించే చోటు చూడండి. స్టాండు వేసినప్పుడు పడే బరువంతా అక్కడే దిగుతుంది. అక్కడ వెల్డింగ్ అతుకులు ఒకటికి రెండున్నాయంటే ఆ రేకు ఇప్పటికే ఒకసారి చిరిగింది. సముద్రం పక్కన, అంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బళ్ళకు ఈ భాగం మరీ శ్రద్ధగా చూడాలి. తెలంగాణ లోపలి జిల్లాల్లో, రాయలసీమలో తిరిగిన బళ్ళకు రేకు సాధారణంగా గట్టిగా ఉంటుంది, ఎండకు రబ్బరు సామాను మాత్రం పెళుసెక్కి ఉంటుంది. రబ్బరు మార్చడం తేలిక. రేకు కట్టి, టింకరింగ్ చేసి, పెయింటు కొట్టించే ఖర్చు తరచుగా నడిచే బండి ధరనే దాటిపోతుంది. ఇది బేరం ఆడేటప్పుడు గుర్తుండాలి.

ముందు చక్రం పైన, షీల్డు లోపలి వైపు, హ్యాండిల్ గొట్టం దిగే చోట రేకులో ముడతలు ఉన్నాయా చూడండి. ముడత ఉంటే బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుంది. అలాంటి బండిని తిన్నగా ఉన్న రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే వెనక నుంచి ఇంకొకరు చూడాలి. రెండు చక్రాలూ ఒకే గీత మీద పోవాలి. ఇంజను కుడిపక్కన ఉండటంతో చేతక్ కొద్దిగా కుడివైపు మొగ్గుతుంది, అది దాని స్వభావం. చక్రాలు వేరువేరు దారుల్లో పోవడం మాత్రం స్వభావం కాదు, దెబ్బ.

రేకు తర్వాత కాగితాలు. ఆర్‌సీకి 15 ఏళ్ళ గడువు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. ఇవాళ దొరికే ప్రతి టూ-స్ట్రోక్ చేతక్‌కూ ఆ 15 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. కాబట్టి అమ్మేవాళ్ళను అడగాల్సింది "ఆర్‌సీ ఉందా" అని కాదు, "రెన్యువల్ ఎప్పటిదాకా ఉంది" అని. పాత ఆర్‌సీ బుక్కుల వివరాలు చాలావాటివి కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. బయానా ఇవ్వకముందే నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. 'A' అక్షరంతో మొదలయ్యే మూడు ఇంగ్లీషు అక్షరాల నంబరు ఉన్న 1989కి ముందు బళ్ళకు ఈ చిక్కు ఎక్కువ. యజమాని చనిపోయి, బండి కొడుకు దగ్గరో అల్లుడి దగ్గరో ఉంటే ముందు వారసత్వం కింద వాళ్ళ పేరుకు మార్పించాకే డబ్బు ఇవ్వాలి. బదిలీకి 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండికైతే 28 నంబరు ఫారంతో ఎన్‌వోసీ, రెన్యువల్‌కు 25 నంబరు ఫారం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి, ఆర్‌సీతో అంకె అంకెకూ సరిపోల్చండి. ఇంజను నంబరు కూడా అంతే. పాతిక ముప్పై ఏళ్ళలో ఇంజను మారిన చేతక్‌లు బోలెడు. మారినట్టు ఆర్‌సీలో ఎక్కకపోతే ఇన్‌స్పెక్షన్ దగ్గర బండి ఆగిపోతుంది. తొలి చేతక్‌లు ఇప్పుడు 50 ఏళ్ళు దాటాయి గనక, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అర్హత వచ్చింది. 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు, నంబరులో వీఏ అక్షరాలు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకు ఉంచుకునే వాళ్ళకే అది పనికొస్తుంది.

రేకూ కాగితాలూ బాగుంటేనే ఇంజను దగ్గరికి రండి. వెళ్ళగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చే ముందే వేడి చేసి పెట్టారు. ఒక గంట టీ తాగి వచ్చి, చల్లారాక మీరే కిక్కు కొట్టండి. చోక్ లాగి, రేజు ఇవ్వకుండా, మూడు నాలుగు కిక్కుల్లో అందుకోవాలి. కిక్కు రాడ్ మెత్తగా, అడ్డు లేకుండా దిగిపోతుంటే కంప్రెషన్ పోయింది, రింగులో బోరో అరిగింది.

ఇక్కడ ఒక ముచ్చట గురించి ఖచ్చితంగా మాట్లాడాలి. చేతక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బండిని పక్కకు వంచి, కాసేపు పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టడం. వంచినప్పుడు కార్బురేటర్ గిన్నెలో ఫ్లోట్ మట్టం చెదిరి, పెట్రోలు పొర్లి లోపలికి పోతుంది, మిశ్రమం చిక్కబడుతుంది, బండి అందుకుంటుంది. అంటే చోక్ చేయాల్సిన పని మనం చేత్తో చేస్తున్నాం. ఆరోగ్యంగా ఉన్న చేతక్‌ను వంచక్కర్లేదు. వంచితే తప్ప స్టార్టు కాని బండికి మూడింటిలో ఒకటి ఉంటుంది. చోక్ వైరు సాగి పూర్తిగా తెరుచుకోవడం లేదు, పెట్రోలు కాక్ లోపలి జల్లెడ పూడింది, లేదా స్లో జెట్టు (స్లోలో పెట్రోలు వెళ్ళే సన్నని కంత ఉన్న ఇత్తడి ముక్క) మూసుకుపోయింది. కార్బురేటర్ విప్పి, జెట్లు పెట్రోలులో నానబెట్టి గాలి ఊదండి. జెట్టు కంతలో తీగ మాత్రం దూర్చొద్దు, ఇత్తడి మెత్తన, కంత సాగితే మైలేజీ శాశ్వతంగా పోతుంది. మిక్చర్ స్క్రూ మెత్తగా చివరిదాకా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి అక్కడి నుంచి సరిచూసుకోండి.

దీనికి తిరగేసిన జబ్బు కూడా ఉంది. రాత్రి కాక్ కట్టేయకుండా వదిలేస్తే, ఫ్లోట్ సూది అరిగి ఉంటే, పెట్రోలు మెల్లగా దిగి ఇంజను గుండు నిండిపోతుంది. పొద్దున ఎంత వంచినా, ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు, వంచేకొద్దీ ఇంకా మునుగుతుంది. అప్పుడు కాక్ కట్టి, చోక్ లోపలికి నెట్టి, ప్లగ్గు విప్పి పది కిక్కులు ఉత్తవి కొట్టండి. ప్లగ్గు కంత నుంచి పెట్రోలు తుంపర్లుగా బయటికొస్తుంది, ఆ దగ్గర నిప్పు, ప్లగ్గు స్పార్కు రెండూ ఉండకూడదు. ప్లగ్గు తుడిచి, ఆరబెట్టి, బిగించి, రేజు పూర్తిగా తిప్పి పట్టుకుని కొట్టండి. బండి ఆపగానే కాక్ కట్టే అలవాటు ఉన్న ఇంట్లో ఈ కథే రాదు.

పొగ చూసి జబ్బు చెప్పొచ్చు. చల్లటి ఇంజను మొదటి రెండు నిమిషాలు నీలం పొగ వదలడం మామూలే. పది నిమిషాలు తిరిగాక కూడా తెల్లటి దట్టమైన పొగ ఆగకపోతే క్లచ్చి వైపు క్రాంకు సీలు (క్రాంకు ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం) పోయింది, గేరాయిలు ఇంజను లోపలికి లాగేసుకుంటోంది. గేరాయిలు మట్టం చూస్తే తగ్గి ఉంటుంది. కొన్నిసార్లు తారుమారై, గేరాయిలే పెట్రోలు వాసన కొడుతుంది. ఫ్లైవీలు వైపు సీలు పోతే పొగ రాదు. దానికి బదులు బయటి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది. స్లోలో ఉన్న బండి దానంతటదే రేజు పెరుగుతూ పోతుంది, స్క్రూ ఎంత తిప్పినా దిగదు. అలాంటి బండిని అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్చి వైపు సీలు మార్చాలంటే ఇంజను దించి గుండు విప్పాల్సిందే, కాబట్టి బేరంలో ఆ కూలీ తగ్గించుకోండి. విప్పినప్పుడు రెండు సీళ్ళూ, బేరింగులూ, గేరు క్రాసూ ఒకేసారి మార్పించడం తెలివైన పని.

గేరు క్రాస్ అంటే గేరుపెట్టె లోపల నాలుగు కొమ్ముల పూవులా ఉండే చిన్న ఉక్కు ముక్క. దాని కొమ్ములు గేరు పళ్ళెంలోకి దిగితేనే ఆ గేరు పడినట్టు. కొమ్ముల అంచులు గుండ్రంగా అరిగితే బరువు పడగానే గేరు జారి న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. టెస్టు రైడులో రెండో గేరులో ఒక ఎత్తు ఎక్కి చూడండి. జారిందంటే ముందు గేరు వైర్లు సరిచేసి చూడాలి. హ్యాండిల్ మీది అంకె కిందున్న గేరుతో సరిపోకపోతే తప్పు వైర్లది. వైర్లు సరిగ్గా ఉన్నా జారితే తప్పు క్రాస్‌ది.

ఆయిలు కలపడం దగ్గర మన వాళ్ళు చేసే పొరపాట్లు ఎక్కువ. లెక్క రెండు శాతం, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు, అంటే టూ-స్ట్రోక్ ఇంజను కోసం పెట్రోలులోనే కలిపే ఆయిలు. మూడు లీటర్లు కొట్టిస్తే 60. కొత్త పిస్టన్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు లీటరుకు 30 చొప్పున కలపండి, వేగం 40 దాటనివ్వొద్దు. వరస ముఖ్యం: ముందు ఆయిలు, దాని మీద పెట్రోలు. పెట్రోలు పడే దూకుడుకు ఆయిలు కలిసిపోతుంది. పెట్రోలు పోయించి ఆ పైన ఆయిలు ఒంపితే అది చిక్కగా అడుక్కి జారి నేరుగా కాక్ కంతలోకి దిగుతుంది. బండి నూరు అడుగులు పోయి పొగ కక్కి ఆగిపోతుంది. బంకు దగ్గర తొందరలో అలా జరిగితే బండిని ఒకసారి అటూ ఇటూ బాగా ఊపండి. కొలత లేకుండా "కొంచెం ఎక్కువైతే మంచిదే" అని పోయడం ఇంకో పొరపాటు. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి తడుస్తుంది, సైలెన్సర్ లోపల మసి పేరుకుంటుంది. పైగా అదే జెట్టులోంచి ఆయిలు ఎక్కువ పోతే పెట్రోలు తక్కువ పోయినట్టే, మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. మంచి చేద్దామనుకుని పోసిన ఆయిలే అక్కడ చెడు చేస్తుంది. అసలు ఆయిలే మరిచిపోతే ఎక్కువ దూరం పోదు, నడుస్తుండగానే పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుంటుంది. ఇంజను శబ్దం సన్నగా, ఎండుగా మారి బండి బరువెక్కినట్టు అనిపించిన క్షణంలోనే క్లచ్చి పట్టేయాలి.

ప్లగ్గు ఈ బండికి నాడి. పది కిలోమీటర్లు తిరిగి, రేజులో ఉండగానే ఇంజను ఆపి, క్లచ్చి పట్టి పక్కకు వచ్చి ప్లగ్గు విప్పండి. మూతి కాఫీ పొడి రంగులో పొడిగా ఉంటే అంతా సవ్యం. నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువ, లేదా చోక్ పూర్తిగా మూసుకోవడం లేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, వెంటనే సీలూ జెట్టూ చూపించాలి. గ్యాపు 0.6 మిల్లీమీటర్లు. పాయింట్లు (స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు) ఉన్న పాత 6 ఓల్టుల బండికి పాయింట్ల గ్యాపు 0.4 దగ్గర ఉంచుకోవాలి, ఫ్లైవీలు కంతలోంచి ఫీలర్ గేజీ పెట్టి చూడొచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టై, వేడెక్కాక ఆపితే మళ్ళీ లేవకపోతే ముందుగా కండెన్సర్ మార్చండి. తర్వాత వచ్చిన 12 ఓల్టుల ఎలక్ట్రానిక్ చేతక్‌లో పాయింట్ల గొడవే లేదు. నడపడానికి కొనేవాళ్ళు ఎలక్ట్రానిక్‌దే తీసుకోండి, అందులో రెండో ఆలోచన అక్కర్లేదు. 6 ఓల్టులది అందంగా ఉంటుంది, రాత్రిపూట హెడ్‌లైటు మాత్రం దీపం బుడ్డిలా ఉంటుంది.

పికప్ తగ్గి, బండి మూలుగుతూ పోతుంటే బోరింగ్‌కు పరిగెత్తకండి. ఆరేడు వేల కిలోమీటర్లకోసారి మసి తీయించాలి. హెడ్డు విప్పి పిస్టన్ నెత్తి మీది మసిని కర్ర చెక్కతో గీకాలి. స్క్రూడ్రైవరుతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడి, ఆ గీతల్లోనే మళ్ళీ మసి త్వరగా పడుతుంది. హెడ్డు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. సైలెన్సర్‌ను కాల్చి మసి రాల్చడం మన మెకానిక్కులకు అలవాటైన పనే. తుప్పు పట్టిన పాతదైతే కాల్చగానే లోపలి రేకులు ఊడి గలగలమంటాయి, కొత్తది వేయించుకోవడమే నయం. గేరాయిలు 250 మిల్లీలీటర్లు, ఎస్‌ఏఈ 30. బండి వేడిగా ఉన్నప్పుడు పాతది దించి కొత్తది పోయండి. క్లచ్చి కార్కు ప్లేట్లతో ఉంటుంది, నెల రోజులు కదలని బండికి ప్లేట్లు అతుక్కుంటాయి. అప్పుడు ఇంజను ఆపి, గేరు వేసి, క్లచ్చి పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడతాయి. క్లచ్చి లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి, లేకపోతే ప్లేట్లు జారి కాలిపోతాయి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. చేతక్ తయారైన రోజుల్లో అంత ఇథనాల్ లేదు. పాత రబ్బరు పైపు, కాక్ వాషరు, ఫ్లోట్ సూది మూతి ఉబ్బి మెత్తబడతాయి, ఇథనాల్ గాలిలోని తేమను లాగి ట్యాంకు లోపల తుప్పు తెస్తుంది. పైపు, వాషర్లు ఇథనాల్ తట్టుకునే రకానివి వేయించండి. ప్లగ్గు తెల్లబడుతుంటే మెయిన్ జెట్టు ఒక అంకె పెద్దది వేయాలి. నెలకు మించి బండి కదలకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కాక్ కట్టి కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజను నడిపి వదిలేయండి.

చక్రాల దగ్గర ఒక హెచ్చరిక, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. చేతక్ రిమ్ము రెండు పళ్ళేలు కలిపి నట్లతో బిగించింది. ట్యూబులో గాలి ఉండగా ఆ రెండు పళ్ళేలను కలిపే నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు విడిపోయి చేతులూ ముఖం గాయపడతాయి. ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయాలి, ఆ తర్వాతే పానా. టైరు 3.50-10, ముందూ వెనకా ఒకటే కొలత, అందుకే ఒక్క స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది. గాలి ముందు 18 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికి 25, ఇద్దరికి 36. వెనక డ్రమ్ము నడిమి పెద్ద నట్టు, దాని స్ప్లిట్ పిన్ను ఆరు నెలలకోసారి చూడండి. ఆ నట్టు వదులైతే డ్రమ్ము లోపలి గాడులు అరిగిపోతాయి. కదిలేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి 'కటక్' అని ఒక దెబ్బ వినిపిస్తే అదే.

నడపడం ఎలా ఉంటుందంటే, 40 నుంచి 50 వేగంలో ఇంత హాయైన పాత బండి ఇంకోటి లేదు. సీటు వెడల్పు, కాళ్ళకు చోటు, నిటారుగా కూర్చునే తీరు. ముందు పలక మీద పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టుకున్నా కదలదు. మూడో గేరులో ఆ టూ-స్ట్రోక్ పలుకు వినడానికే కొందరు దూరపు దారిలో వెళ్తారు, వాళ్ళది తప్పు కాదు. 60 దాటాక అద్దం, మోకాళ్ళు, చేతులు అన్నీ అదురుతాయి. ఊళ్ళో లీటరుకు 35 నుంచి 40 కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. బ్రేకులు మాత్రం ఈ కాలానివి కావు. డ్రమ్ములు, వైర్లు, పది అంగుళాల చక్రాలు. గట్టిగా పట్టితే ముందు భాగం కిందికి దిగుతుంది, వానలో వెనక చక్రం బిగిసి పక్కకు జారుతుంది. ముందు బండికి రెట్టింపు దూరం వదిలి నడపండి. రెండు బ్రేకు వైర్లు, షూలు కొత్తవి వేయించాకే పిల్లలను ఎక్కించుకోండి.

పొగ సర్టిఫికెట్ గురించి భయపడక్కర్లేదు. 2000 మార్చి 31కి ముందు తయారైన బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా అనుమతి ఉంది. సీళ్ళు మంచివై, ఆయిలు కొలతగా పోసిన చేతక్, పూర్తిగా వేడెక్కాక తీసుకెళ్తే నెగ్గుతుంది. చల్లటి ఇంజనుతో వెళ్తేనే తప్పుతుంది.

బాగు చేయించేటప్పుడు ఒక మనవి. పాత స్పీడోమీటరు, అసలు హారను, పేరు బిళ్ళలు, టెయిల్ లైటు మెకానిక్ దగ్గర వదిలి రావొద్దు, విప్పిన ప్రతిదీ సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోండి. కొత్తగా దొరికే బిళ్ళలు పలచన, అక్షరాల వంపు తేడాగా ఉంటుంది. రంగు కూడా మీ బండికి కంపెనీ వేసిందే వేయండి. హ్యాండిల్ లోపలి వైపో, ట్యాంకు కింద డొల్లలోనో తర్వాత రంగు తగలని చోట అసలు రంగు ఇంకా బయటపడుతుంది. పెయింటర్‌కు ఆ చోటే చూపించి కలపమనండి.

డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు పానా, ఒక క్లచ్ వైరు, ఒక గేరు వైరు, చిన్న ఉప్పు కాగితం ముక్క, 60 మిల్లీలీటర్ల ఆయిలు సీసా, ఒక పాత బనీను గుడ్డ. క్లచ్ వైరు తెగితే బండిని తోసుకుంటూ పోనక్కర్లేదు. తెగిన కొస హ్యాండిల్ దగ్గరే ఉంటుంది. కొత్త వైరు పైనుంచి దూర్చి కింద ట్రన్నియన్‌లో (వైరు కొసను పట్టే చిన్న బిగింపు ముక్కలో) బిగిస్తే పావుగంట పని. దూర్చే ముందు వైరుకు ఆ ఆయిలు సీసాలోంచే రెండు చుక్కలు పూయండి.